టీచరీగ

ఈగలకు చదువు చెప్పాలి అని డాక్టర్ మృణాళిని అన్నప్పుడు నేను మొహం మీదే నవ్వేశాను. ఏడో తరగతికి కిరణజన్య సంయోగక్రియ ఎక్కించేసరికే నా తల ప్రాణం తోకకొస్తోంది, ఇంక ఈగలకు కూడానా అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. ఒళ్లో పెట్టుకున్న చెక్కపెట్టెను చంటిపిల్లలా ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, "నాలుగేళ్లుగా నేనే చెబుతున్నాను టీచర్, నావల్ల కావడం లేదు. మీ పిల్లలు కావాలి" అంది.

అప్పటికి మా నంద్యాల పల్లెల్లో తేనెటీగ కనబడి పన్నెండేళ్లు దాటింది. మందులు కొట్టీ కొట్టీ వాటిని సాగనంపాం. మా పిల్లలకు తేనెటీగ అంటే పాఠ్యపుస్తకంలో నలభై మూడో పేజీలో బొమ్మ, అంతే. మృణాళిని హైదరాబాదు ప్రయోగశాలలో, ఎప్పుడో చల్లపెట్టెల్లో దాచి ఉంచిన పిండాల నుంచి వాటిని మళ్లీ పుట్టించింది. పుట్టాయి, రెక్కలు విప్పాయి, బలంగానే ఉన్నాయి. కానీ పదడుగుల దూరంలో పూలకుండీలు పెట్టినా పెట్టె దాటి పోలేదు, ఆకలితో చచ్చిపోయాయి. అలా ఏడు పెట్టెలు పోయాక ఆమెకు సంగతి అర్థమైంది. పూలు చూసి వచ్చిన పెద్ద ఈగ తెట్టె మీద ఆడి చూపిస్తుంది, చిన్నవి దాని వెనకే తిరిగి దారి నేర్చుకుంటాయి. యంత్రంలో పుట్టిన ఈ ఈగలకు అవ్వా తాతా లేరు. చెప్పే దిక్కు లేదు.

అందుకని ఆమె ఒక పెద్దదిక్కును తయారుచేసింది. రాగితీగతో చేసి మైనం పూసిన ఈగ, వడ్లగింజ కన్నా కాస్త పెద్దది. పెట్టెకు ఒక పక్క గాజు బిగించి ఉంటుంది, లోపల తెట్టె మీద రాగి ఈగ, బయట దాన్ని తిప్పడానికి గుండీ అంత చక్రం. దాన్ని నిట్టనిలువుగా పైకి నడిపిస్తే ఎండ వైపు, అంటే సూర్యుడున్న దిక్కుకు పొమ్మని అర్థం. ఎడమకు వాలిస్తే ఎండకు ఎడమగా. ఒళ్లు ఊపుతూ ఎంతసేపు నడిస్తే అంత దూరం. చూపించడం తేలికే. కానీ ఏ ఊళ్లో ఏ పూలు ఏ గట్టున పూస్తాయో హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు తెలియదు, బడిపిల్లలకు తెలుస్తుంది. అందుకే బడుల్లో తేనెటీగల పాఠాలు అని ఒక పథకం రాసుకుని ఆమె ఎక్కని మెట్టు లేదు. చివరికి ఒక విత్తన కంపెనీ సేవాసంస్థ నలభై బడులకు డబ్బిస్తానంది. మొదటి బడి మా కొండ్రాజుపల్లె బడి. మా దగ్గర కుదిరితేనే మిగతా ముప్పై తొమ్మిదీ.

జూలైలో మొదలుపెట్టాం. పిల్లలు ఆమెకు 'ఈగల మేడమ్' అని, రాగి ఈగకు 'టీచరీగ' అని పేర్లు పెట్టారు. చక్రం ముందు కూర్చున్న ప్రతివాడూ దాన్ని వేలితో కాక చెయ్యంతా పెట్టి గిర్రున తిప్పాడు, పెట్టెలో ఈగలు బెదిరి మూల చేరాయి. ఆ రోజు కుదిరింది ఒక్క షాహిదాకే. పన్నెండేళ్ల పిల్ల, దూదేకుల హుసేన్‌బీ కూతురు, తండ్రి లేడు. ఆటస్థలం వెనక గడ్డిచేమంతి గుంపు దాకా అడుగులు పైకి లెక్కపెట్టుకుంటూ పోయింది, అలాగే లెక్కపెట్టుకుంటూ తిరిగొచ్చింది, ఎండ కేసి ఒకసారి చూసి చూపుడువేలితో చక్రం తాకింది. రాగి ఈగ ఒళ్లూపుకుంటూ నడిచింది. మూడోసారి తిరిగేసరికి ఒక ఈగ దాని వెనక చేరింది. అయిదోసారికి నాలుగు. వాటిలో ఒకటి వాకిలి దగ్గరికి పోయి, కాసేపు వెనకాడి, ఎగిరిపోయింది.

ఇరవై నిమిషాలకు అది కాళ్లకు పసుపు పుప్పొడి మూటలు కట్టుకుని వచ్చింది. వీపున మృణాళిని పెట్టిన సూదిమొనంత తెల్లచుక్క ఉంది కాబట్టి మా ఈగే. డాక్టర్ మృణాళిని వరండాలో చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లలు హడలిపోయారు. షాహిదా మాత్రం పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, "తాగండి మేడమ్, వచ్చేసింది గదా" అంది.

ఆ తర్వాత నెలన్నర మా బడికి పండగే. నేను కూడా లొంగిపోయాను, ఒప్పుకుంటున్నాను. నల్లబల్ల మీద 'తేనెటీగ రైతు నేస్తం' అని రంగుసుద్దతో రాసి, చుట్టూ పూలు గీసి, రోజూ చెరపకుండా కాపాడాను. అసలు తప్పు అక్కడే జరిగిందని ఇప్పుడు తెలుస్తోంది.

మా ఊరి రైతుకు తేనెటీగ నేస్తం కాదు. మాది పత్తి విత్తనం పండించే ఊరు. ఇక్కడ పంటంటే క్రాసింగు. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు సాళ్లలో వంగి, రేపు విచ్చబోయే మొగ్గను గోటితో ఒలిచి, అందులో మగభాగం తీసేసి, ఎర్రకాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున ఆ కాగితం తీసి, వేరే రకం చెట్టు పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దుతారు. ఒక్కో పువ్వూ చేత్తోనే, రోజుకు వెయ్యి పువ్వులు. ఆ చేలోకి ఈగ వచ్చి ఎక్కడిదో పుప్పొడి పూసిపోతే విత్తనం కల్తీ. పూర్వం ఈగలున్న రోజుల్లో పిల్లల్ని గట్టున నిలబెట్టి తోలించేవారు. ఇవన్నీ నాకు తెలుసు, ముప్పై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను. తెలిసి కూడా పుస్తకంలో ఉన్నదే బల్ల మీద రాశాను. మన టీచర్ల బుద్ధి అంతే, పుస్తకం తెరిస్తే ఊరు మరిచిపోతాం. బడి చుట్టూ పూలున్నాయి, పిల్లలు ఆ దారులే చెబుతున్నారు, ఈగలు చేల వైపు పోవు అని మృణాళిని అంటే సరేనన్నాను.

సెప్టెంబరు మూడోవారంలో కంపెనీ తనిఖీదారుకు హుసేన్‌బీ కౌలు మడిలో పద్నాలుగు ఈగలు కనిపించాయి. అన్నిటి వీపునా తెల్లచుక్క. ఆ అరెకరం మడి అక్కడికక్కడే రద్దయింది. మూడు నెలల చాకిరీ, పూసిన ప్రతి పువ్వుతో సహా, గంగలో కలిసింది.

సోమవారం పొద్దున షాహిదా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఎవరూ అడగకముందే చెప్పేసింది.

"నేనే జెప్పినా మేడమ్. టీచరీగతో మా చేనికి దారి జెప్పినా. నాలుగు దినాలు జెప్పినా."

"ఎందుకు చెప్పావే?"

"మాయమ్మ వేళ్లు పగిలిపోయినాయి. కూట్లో చెయ్యి పెడితే మండుతాయంటాది. పుప్పొడి అద్దే పని ఈగలు జేస్తాయని మీరే జెప్తిరి గదా. ఈగలు జేస్తే మాయమ్మ రొంత సేపు కూసుంటాదనుకున్నా."

తలెత్తితే ఎదురుగా నా రంగుసుద్ద రాత. లేచి వెళ్లి దాన్ని కొంగుతో తుడిచేశాను. ఆ పిల్లను కోప్పడే అర్హత నాకు లేదు, ఆ మాట దానికి పైకే చెప్పాను. అది వినిపించుకోలేదు. "వచ్చే సోమారం నుంచి నేను గూడా రామిరెడ్డోళ్ల చేనికి కూలికి పోవల్ల. బడి మాన్పిచ్చాండాది మాయమ్మ" అని చెప్పి, వెళ్లి తన చోట కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే సేవాసంస్థ తరఫున శశాంక్ అనే అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు, అలాంటివాళ్లతోనే వాదించడం కష్టం. శనివారానికి ఊళ్లో ఏ క్రాసింగు చేలోనూ ఒక్క తెల్లచుక్క ఈగ కనబడకూడదు. కనబడితే పెట్టె మూసేసి మందు పొగ పెట్టాలి, నలభై బడుల డబ్బూ ఆగిపోతుంది. "నా చేతుల్లో లేదు మేడమ్. కంపెనీ బతికేది ఆ విత్తనం మీద" అన్నాడు. అదీ నిజమే.

మృణాళిని దగ్గర ఒక్కటే ఉపాయం ఉంది. పూల దగ్గర ప్రమాదం చూసి వచ్చిన ఈగ, ఆ పూల దారే చెబుతూ ఆడుతున్న ఇంకో ఈగను తలతో పొడిచి ఆపుతుంది. రాగి ఈగ చేత ఆ పని చేయించవచ్చు. హుసేన్‌బీ చేను వైపు వాలి ఆడే ప్రతి ఈగనూ వెతికి, సరిగ్గా ఆ క్షణానికి పొడవాలి. ఆలస్యమైతే ఇంకో పది నేర్చుకుంటాయి. అంత నిదానమైన వేలు ఒక్కరికే ఉంది.

"నేర్పింది నేనే గదా, నేనే మాన్పిస్తా" అంది షాహిదా.

మంగళ, బుధవారాలు ఆ పిల్ల గాజు ముందు నుంచి లేవలేదు. అన్నం మృణాళినే కలిపి నోట్లో పెట్టింది. ఒక ఈగ ఆనందంగా ఒళ్లూపుకుంటూ వస్తుంది, రాగి ఈగ దాని తల మీద టక్కున పొడుస్తుంది, అది ఆగిపోతుంది. కాసేపు బిత్తరపోయి నిలబడి, మళ్లీ మొదలుపెడుతుంది. మళ్లీ పోటు. నేను కాసేపు చూసి, చూడలేక బయటికి వచ్చేశాను. బుధవారం సాయంత్రానికి చేలో ఒక్క ఈగ లేదు. తనిఖీదారు కూడా అదే చెప్పాడు.

గురువారం పొద్దున పెట్టెలోంచి ఒక్క ఈగ బయటికి రాలేదు. గడ్డిచేమంతికి కూడా పోలేదు. తెట్టె మీద ఎవరూ ఆడటం లేదు. అన్నీ ఒకదాన్నొకటి అంటుకుని మూలన ముద్దగా ఉన్నాయి. అన్ని పోట్లు తిన్నాక, ఏ పువ్వు మాట చెప్పినా తప్పేననుకున్నట్టున్నాయి. లోపల మిగిలిన తేనె రెండు రోజులకే సరిపోతుందని మృణాళిని లెక్కేసింది. చక్కెర పాకం పెడితే ముట్టలేదు. "ఇది ఎనిమిదో పెట్టె" అని మాత్రం అని, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

షాహిదాను చక్రం ముట్టుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను ముట్టుకోను. నేను ఏం జెప్పినా చచ్చిపోతాండాయి" అని బావురుమంది. దాన్ని ఒళ్లోకి తీసుకోవడం తప్ప నాకేమీ తోచలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, క్రాసింగు పని మంచి ఊపులో ఉండాల్సిన వేళ, హుసేన్‌బీ బడికి వచ్చింది. నన్ను తిట్టడానికే వచ్చిందనుకున్నాను, పడటానికి సిద్ధంగానే ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"రేత్రంతా ఈ పిల్ల ఏడుస్తానే ఉండాది టీచరమ్మా. మడి పోయిన దానికి నేను గూడా అంత ఏడ్వలా. యాడుండాయి అవి?"

గాజు దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. నిజమైన తేనెటీగను ఆమె చిన్నప్పుడు తోలింది గానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. "ఇంతింత ముక్కులా" అని ఆశ్చర్యపోయింది. మృణాళిని ఆమెకు సంగతంతా చెప్పింది. చేలకు దూరంగా, వీటికి ప్రాణం లేచొచ్చేంత తేనె ఉన్న పూలు కావాలి, అవెక్కడున్నాయో ఎవరైనా నడిచి చూసి రావాలి, వచ్చి చెప్పాలి.

"తుమ్మి" అంది హుసేన్‌బీ. "కాలవ అవతల బీట్లో తుమ్మి తెల్లగా పూసుండాది. చిన్నప్పుడు ఆ పూలు పీక్కోని తేనె పీల్చేటోళ్లం. మేము చేలల్లో కలుపని పెరికి పారేస్తాం, బీట్లో ఎవురు పెరుకుతారు?"

నడిచొచ్చింది కూడా ఆమే. కూతురు వెంట రాలేదు, వరండా మెట్టు మీదే తల వంచుకుని ఉంది. హుసేన్‌బీ అడుగులు లెక్కపెట్టలేదు. సాళ్లలో నడిచే మనిషి, పోయి వచ్చి, "రామిరెడ్డోళ్ల పెద్ద చేను పొడుగు నాలుగు పోతే ఎంతో అంత" అంది. నేనూ మృణాళినీ కాగితం మీద అడుగులు కట్టుకున్నాం. తర్వాత ఆమె చక్రం ముందు కూర్చుంది. ఆ వేళ్లు నేనప్పుడే దగ్గరగా చూశాను. గోళ్ల పక్కన చర్మం చీలి, చీలికల్లో పసరు దిగి నల్లబడింది. ఆ వేళ్లతో చక్రం తాకితే రాగి ఈగ అదరకుండా, తొణక్కుండా నడిచింది. ఇరవై ఏళ్లుగా పువ్వు నలగకుండా మగభాగం తీసిన చెయ్యి అది.

పదిసార్లు నడిపింది. ఒక్క ఈగా కదల్లేదు. ఇరవైసార్లు నడిపింది.

"అలిగినాయి" అంది హుసేన్‌బీ. "పెద్దోళ్లు కొడితే పిల్లోళ్లు అలగరా? అలిగినోళ్లను పిలుస్తానే ఉండల్ల." మళ్లీ నడిపించింది.

ఎన్నోసారో నాకు గుర్తు లేదు. ముద్దలోంచి ఒక ఈగ విడివడి వచ్చి రాగి ఈగ వెనక నిలబడింది. ఒకసారి దానితో తిరిగింది. వాకిలి దాకా పోయింది, వెనక్కొచ్చింది, మళ్లీ పోయింది. ఎగిరింది. మెట్టు మీదున్న షాహిదా చటుక్కున తలెత్తడం నేను చూశాను.

అరగంటకు అది తిరిగొచ్చి, లోపలున్నవాటి నోటికి తేనె అందించింది. మధ్యాహ్నానికి వాకిలి దగ్గర రద్దీ అయింది. హుసేన్‌బీ పనికి పోలేదు. ఆ పూట కూలి పోయినట్టే.

శనివారం పదకొండింటికి శశాంక్, తనిఖీదారు చేలన్నీ తిరిగి వచ్చారు. ఎక్కడా తెల్లచుక్క లేదు. శశాంక్ మొహం కూడా తేలికపడింది. కాగితం తీసి ఏదో రాసుకోబోతుంటే గాజు దగ్గర నుంచి షాహిదా, "మేడమ్, ఇది తప్పు ఆడతాండాది" అంది.

అందరం వంగి చూశాం. రాగి ఈగ కదలకుండా ఉంది, దాని చక్రం దగ్గర ఎవరూ లేరు. పక్కనే ఒక తెల్లచుక్క ఈగ ఒళ్లూపుతూ ఆడుతోంది. తుమ్మి బీడు వైపు కాదు. గడ్డిచేమంతి వైపూ కాదు. వెనక ఏడెనిమిది తిరుగుతున్నాయి.

మళ్లీ పత్తిచేలకేనా? శశాంక్ కలం పట్టుకుని ఆగాడు. "ఎటు?" అని అడిగింది మృణాళిని. తను చదవగలదు, కానీ భయంతో కళ్లు ఆనడం లేదనుకుంటాను.

షాహిదా గాజు మీద వేలు పెట్టి ఆ ఈగ వాలును కొలిచింది. పెదాలు కదుపుతూ అది ఊగేంతసేపూ లెక్కపెట్టింది. బయటికి పోయి ఎండ చూసి వచ్చింది. "చేల దిక్కు కాదు. ఊర్లోకే. రోడ్డు దాటి... పాత జిన్నింగు మిల్లు. అంతదూరమే. అక్కడికి మనం ఎవురమూ పోలా మేడమ్. ఎవురూ జెప్పలా."

మృణాళిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యంత్రంలో పుట్టిన ఈగ, ఎవరూ చూపని పువ్వును తనే వెతుక్కుని వచ్చి, తన వాళ్లకు చెబుతోంది. నాలుగేళ్లలో ఇది మొదటిసారి. "ఇంక దీన్ని తీసేయొచ్చు" అంటూ రాగి ఈగను గూటిలోంచి బయటికి లాగింది. "రెండో బడికి ఇదే పట్టుకుపోతాను. నలభై చేయక్కర్లేదు శశాంక్ గారూ, ఒక్కటి చాలు." శశాంక్ తల ఊపి, ఆ ముక్క కూడా రాసుకున్నాడు.

షాహిదా అప్పటికే పరుగెత్తింది. దాని వెనక తల్లి, ఆ వెనక మోకాళ్ల నొప్పితో నేను. మూతపడ్డ మిల్లుకు ఎత్తు ప్రహరీ, గేటుకు తుప్పు తాళం. నేను పోయేసరికి పిల్ల గోడెక్కి ఉంది. హుసేన్‌బీ కింద నిలబడి, పడిపోకుండా దాని కాళ్లు రెండూ పట్టుకుంది.

"మునగచెట్టు మేడమ్! ఎంత పూసుండాదో! మన ఈగలు మూడుండాయి... నాలుగు!"

హుసేన్‌బీ తలెత్తి కూతురినే చూస్తోంది. కళ్లనిండా నీళ్లు. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"నేను పుట్టినకాడ్నించి పూలు ముట్టుకుంటానే ఉండా టీచరమ్మా" అంది. "ఈగ మాట చదివే మనిషిని ఇప్పుడే జూసినా. అదీ నా కడుపున పుట్టిందే." నా వైపు తిరిగింది. "సోమారం చేనికి నేనొక్కదాన్నే పోతాలే. నాకు వేళ్లుండాయి గదా. హాజరుపట్టీలో పాప పేరు కొట్టేయాకండి."

"కొట్టేయలేదు హుసేన్‌బీ. నాకు చెయ్యి రాలేదు" అన్నాను.

ఆమె తల ఊపి, పిల్ల కాళ్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుని, పైకి ఎత్తింది.